క్లబ్ మానేయకండి, గ్రూపు మార్చుకోండి

మీ ఉత్తరంలో ఇచ్చిన అంకెలన్నీ ముందు ఒక కాగితం మీద రాసుకుని చూశాను. ఫిబ్రవరిలో రన్నింగ్ క్లబ్‌లో చేరారు. ఏప్రిల్‌లో బెంగళూరు వరల్డ్ 10కె, అంటే 10 కిలోమీటర్ల రేసు, గంటా 2 నిమిషాల 40 సెకన్లలో చేశారు. సెప్టెంబర్‌లో బెంగళూరు మారథాన్‌లో హాఫ్, అంటే 21 కిలోమీటర్లు, పరిగెత్తితే 14 కిలోమీటర్ల దాకా 6:10 పేస్‌లో (కిలోమీటరుకి 6 నిమిషాల 10 సెకన్లు) వెళ్ళి, తర్వాత నడక, కాస్త పరుగు, మళ్ళీ నడక, మొత్తం 2 గంటల 34 నిమిషాలు. మంగళవారం ట్రాక్, గురువారం టెంపో (కాస్త కష్టమైన వేగాన్ని ఆపకుండా పట్టుకునే పరుగు), శనివారం స్ట్రెంగ్త్, ఆదివారం కబ్బన్ పార్కులో లాంగ్ రన్, ఒక్కటీ మానలేదు. ఇప్పుడేమో మోకాలి కింద ముందువైపు ఎముక పక్కన నొప్పి. జనవరిలో క్లబ్ అంతా చెన్నై హాఫ్‌కి వెళ్తోంది, నేనూ వెళ్ళాలా, లేక ఈ క్లబ్ గొడవ వదిలేసి ఇంటి దగ్గర కుందలహళ్ళిలోనే ఒక్కణ్ణే పరిగెత్తుకోనా అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే మీ సమస్య క్లబ్ కాదు, స్టామినా అంతకన్నా కాదు. మీరు వారానికి మూడు రేసులు పరిగెత్తుతూ వాటికి ప్రాక్టీస్ అని పేరు పెట్టుకున్నారు. తీరా అసలు రేసు వచ్చేసరికి కాళ్ళలో ఏం మిగల్లేదు.

ఊరికే అనడం లేదు, లెక్క చూడండి. పీట్ రీగెల్ అనే అమెరికన్ ఇంజనీరు 1977లో రన్నర్ల కోసం ఒక ఫార్ములా ఇచ్చాడు, ఇవాళ్టికీ ఆన్‌లైన్ కాలిక్యులేటర్లు చాలావరకు దాన్నే వాడతాయి. రెండు దూరాల నిష్పత్తిని 1.06 పవర్‌కి తీసుకుని, దాంతో తెలిసిన టైమింగ్‌ని గుణించాలి, అంతే. మీ 62:40 వేస్తే హాఫ్‌కి 2 గంటల 18 నిమిషాలు వస్తుంది, అంటే కిలోమీటరుకి సుమారు 6:33. ఇప్పుడు అసలు సంగతి: ఏప్రిల్‌లో మీ 10కె పేస్ 6:16. సెప్టెంబర్‌లో హాఫ్ మొదలుపెట్టిన పేస్ 6:10. అంటే 21 కిలోమీటర్ల రేసుని మీ 10 కిలోమీటర్ల రేసు కన్నా వేగంగా మొదలుపెట్టారు! 14 దాకా లాగారంటేనే మీలో దమ్ముందని అర్థం, చాలామంది 9 దగ్గరే కూర్చుంటారు.

ఈ మధ్యలో ఇంప్రూవ్ అయ్యాను కదా అంటారేమో. అయ్యే ఉంటారు. పైగా వరల్డ్ 10కె ఓపెన్ రేసులో వెనక వరసల్లో నిలబడితే మొదటి కిలోమీటరంతా భుజాలు తప్పించుకోవడంతోనే సరిపోతుంది, ఆ టైమింగ్ మీ నిజమైన సత్తా కన్నా కాస్త తక్కువే చూపిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ 6:10తో హాఫ్ పూర్తి చేయాలంటే 10కె దాదాపు 59 నిమిషాల్లో వస్తూ ఉండాలి, అది కూడా లాంగ్ రన్‌లు సరిగ్గా చేసినవాళ్ళకి. వాచీలో దూరం 10.2 చూపించింది కాబట్టి నా పేస్ ఇంకా మంచిదే అన్నారు చూడండి, ఆ లెక్క వద్దు. సర్టిఫై చేసిన కోర్సుని మలుపుల దగ్గర అతి తక్కువ దూరం వచ్చే గీత పట్టుకుని కొలుస్తారు, పొరపాటున తగ్గకుండా వెయ్యికి ఒక వంతు అదనంగా కలుపుతారు. మీరు మలుపుల్లో రోడ్డు అవతలి అంచు నుంచి తిరిగి ఉంటారు, జనాన్ని దాటడానికి అటూ ఇటూ వెళ్ళి ఉంటారు. పేస్ లెక్క ఎప్పుడూ చిప్ టైమ్‌ని (స్టార్ట్ గీత దాటాక ఫినిష్ దాకా మీకు పట్టిన సమయం) కోర్సు దూరంతో భాగించే చూసుకోండి.

దీనికన్నా ముందు ఆ కాలి సంగతి తేల్చాలి. ఎముక లోపలి అంచు వెంబడి జానెడు పొడుగునా నొప్పిగా ఉండి, పరుగు మొదట్లో ఎక్కువగా అనిపించి ఒళ్ళు వేడెక్కాక తగ్గుతోందంటే అది మామూలుగా అందరూ షిన్ స్ప్లింట్స్ అనేది. అలా కాకుండా వేలితో నొక్కితే రూపాయి బిళ్ళంత చోట మాత్రమే కలుక్కుమంటోందా, ఆ కాలి మీద ఒక్కసారి గెంతితే ప్రాణం పోతోందా, రాత్రి పడుకున్నాక కూడా సలుపుతోందా, అయితే పరుగు ఆ రోజుతో ఆపి ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికో స్పోర్ట్స్ ఫిజీషియన్ దగ్గరికో వెళ్ళండి. స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో సన్నటి పగులు, మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, ఎక్స్‌రే బాగుంది కదా అని మళ్ళీ ట్రాక్ ఎక్కినవాళ్ళని చూశాను, నెలల తరబడి కూర్చున్నారు. అనుమానం ఉంటే ఎంఆర్ఐ రాస్తారు. క్లబ్ వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పారని పెయిన్ కిల్లర్ వేసుకుని మాత్రం పరిగెత్తకండి. నొప్పి తెలియకుండా పరిగెత్తడం వల్ల లాభం లేకపోగా, లాంగ్ రన్‌లో చెమట పోతుండగా ఆ మాత్రలు కిడ్నీల మీద భారం.

కింద రాసేదంతా కాలి నొప్పి మొదటి రకమే అని తేలాక.

మీ ఆదివారం ఎలా జరుగుతోందో నేను ఊహించగలను, ఎందుకంటే ఏళ్ళ తరబడి నేనూ ఆ కబ్బన్ పార్కులోనే పేసింగ్ (గ్రూపుని ఒకే వేగంలో నడిపించడం) చేస్తున్నాను. ఐదున్నరకి అందరూ గుండ్రంగా నిలబడి వార్మప్ చేస్తారు. శనివారం రాత్రి గ్రూపులో మెసేజ్ వచ్చి ఉంటుంది, రేపు 18, ఈజీ అని. బయల్దేరేటప్పుడు ఇరవై మంది. రెండో కిలోమీటరుకి ముందు ఆరుగురు కబుర్లు చెప్పుకుంటూ 6:30లో వెళ్తుంటారు, మిగతావాళ్ళు వాళ్ళ వీపులు చూస్తూ నోరు మూసుకుని వెంటపడుతుంటారు. ఆ ఆరుగురూ గంటా 50 నిమిషాల హాఫ్ రన్నర్లు, వాళ్ళ రేసు పేస్ 5:13. వాళ్ళకి 6:30 నిజంగానే ఈజీ. మీ హాఫ్ రేసు పేసే 6:33! వాళ్ళ ఈజీ రన్‌లో మీరు 18 కిలోమీటర్ల రేసు పరిగెత్తి, ఫోటోకి నవ్వి, దర్శిని హోటల్లో ఇడ్లీ వడ తిని, మంగళవారం పొద్దున్నే మళ్ళీ ట్రాక్ మీద హాజరు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అని మనవాళ్ళు అన్నది దీన్నే, కోపం తెచ్చుకోకండి.

మీ ఈజీ పేస్ ఇప్పటికి 7:20 నుంచి 7:45 మధ్యలో ఉండాలి. ఎండగా ఉంటే, రాత్రి నిద్ర లేకపోతే 8 అయినా పర్వాలేదు. వాచీ చూడక్కర్లేదు, పక్కనున్నవాళ్ళకి మీ మేనేజర్ మీద ఫిర్యాదులన్నీ మధ్యలో ఊపిరి కోసం ఆగకుండా పూర్తి వాక్యాల్లో చెప్పగలుగుతున్నారా లేదా చూసుకోండి. రెండు మాటలకి ఒకసారి గాలి పీల్చుకుంటున్నారంటే అది ఈజీ కాదు. మణికట్టు వాచీలో హార్ట్ రేట్‌ని కూడా పూర్తిగా నమ్మకండి, దాని సెన్సర్ ఒక్కోసారి గుండెని వదిలేసి మీ అడుగుల లయని పట్టుకుంటుంది, నెమ్మదిగా పరిగెత్తుతున్నా 170 అని చూపిస్తుంది. కంగారు పడి అదే మీ గుండె వేగం అనుకుంటారు. పట్టీ బిగించి కట్టుకుంటే కొంత నయం, ఛాతీకి కట్టే స్ట్రాప్ అయితే ఇంకా నయం.

ఇంత నెమ్మదిగా పరిగెత్తితే స్పీడ్ ఎలా వస్తుంది అన్నది తర్వాత మీరు అడగబోయే ప్రశ్న, అందరూ అడుగుతారు. కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరగడం, కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పెరగడం, కొవ్వుని ఇంధనంగా వాడుకోవడం ఒంటికి అలవాటు కావడం, ఇవన్నీ ఎక్కువ సమయం నెమ్మదిగా పరిగెత్తితేనే బాగా జరుగుతాయి. స్టీఫెన్ సైలర్ అనే పరిశోధకుడు పెద్ద స్థాయి ఎండ్యూరెన్స్ అథ్లెట్ల ట్రైనింగ్ డైరీలు చూస్తే వాళ్ళ సెషన్లలో దాదాపు 80 శాతం ఈజీగానే ఉన్నాయని తేలింది. 2025 ఏప్రిల్‌లో ఇదే వరల్డ్ 10కెలో ఉగాండా రన్నర్ జాషువా చెప్తెగెయ్ 28 నిమిషాల లోపే గెలిచాడు, అంటే కిలోమీటరుకి మూడు నిమిషాల లోపు. ఆ స్థాయి తూర్పు ఆఫ్రికా రన్నర్లు ఈజీ రోజుల్లో నాలుగున్నర, ఐదు నిమిషాలు కూడా తీసుకుంటారు. రేసు పేస్‌కి ఒకటిన్నర రెట్లు పైనే నెమ్మది. మీరేమో రేసు పేస్ కన్నా మూడు సెకన్లు వేగంగానే పరిగెత్తి దాన్ని ఈజీ అంటున్నారు. ఇంకోటి, గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే పుంజుకుంటాయి, ఎముకలూ స్నాయువులూ గట్టిపడటానికి నెలలు పడుతుంది. చేరిన కొత్తలో ఊపిరి బాగా అందుతోంది కదా అని దూరం, వేగం రెండూ ఒకేసారి పెంచేసినవాళ్ళకి సరిగ్గా మీకొచ్చిన చోటే నొప్పి వస్తుంది.

మంగళవారం సంగతికి వద్దాం. 400 మీటర్లు పదిసార్లు, మొదటివి 1:55లో, చివరివి 2:20లో అని రాశారు. 1:55 అంటే కిలోమీటరుకి 4:47. మీ టైమింగ్ ప్రకారం 5కె ఇప్పుడు దాదాపు 30 నిమిషాలు, అంటే 6:00 పేస్, 400కి 2:24. చిన్న రిపిటీషన్లు కాబట్టి ఇంకాస్త వేగంగా, 2:15 నుంచి 2:20 దాకా వెళ్ళొచ్చు. అన్నీ అక్కడే ఉండాలి. పదో రౌండు మొదటి రౌండంత టైమ్‌లో వస్తేనే ఆ సెషన్ సరిగ్గా చేసినట్టు, 25 సెకన్లు జారిపోయిందంటే ఆరో రౌండు తర్వాత మీరు చేసింది ట్రైనింగ్ కాదు, కాళ్ళు పాడుచేసుకోవడం. మధ్యలో 200 మీటర్లు మెల్లగా జాగ్ చేయండి, నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడొద్దు. ట్రాక్ మీద జీపీఎస్‌ని నమ్మొద్దు, మాన్యువల్ ల్యాప్ నొక్కండి. లోపలి లేన్లు అథ్లెట్లకి వదిలేసి క్లబ్ వాళ్ళు బయటి లేన్లలో పరిగెత్తడం మామూలే కదా, ఒక్కో లేన్‌కి దాదాపు ఏడున్నర మీటర్లు పెరుగుతూ పోతుంది, నాలుగో లేన్‌లో రౌండు 423 మీటర్లు. అదే లెక్కన టైమ్ కూడా పెంచుకోవాలి, లేకపోతే స్లో అయిపోయానని టెన్షన్ పడి ఇంకా తోస్తారు.

గురువారం టెంపో ప్రస్తుతానికి మానేయండి. ఇది అభిప్రాయమే, కొంతమంది కోచ్‌లు ఒప్పుకోరు, కానీ రాత్రి పదకొండున్నర దాకా అమెరికా వాళ్ళతో కాల్స్ ఉండి, నాలుగుంపావుకి లేచి కుందలహళ్ళి నుంచి బైక్ మీద సెంట్రల్ బెంగళూరు వెళ్ళి, ఐదు గంటల నిద్రతో టెంపో చేయడం కన్నా ఆ రెండు గంటలు పడుకోవడం మీ హాఫ్ టైమింగ్‌కి ఎక్కువ పనికొస్తుందని నా గట్టి నమ్మకం. గురువారం సాయంత్రం లేఅవుట్‌లోనే 40 నిమిషాలు ఈజీ, చివర 20 సెకన్ల చొప్పున నాలుగైదు స్ట్రైడ్స్ (వేగం పెంచుతూ తీసే చిన్న పరుగులు), చాలు. శనివారం స్ట్రెంగ్త్ ఉంచుకోండి, పిక్కల వ్యాయామం, అదే మెట్టు అంచు మీద నిలబడి మడమ పైకీ కిందికీ, ఒక్కో కాలి మీద, మీ నొప్పికి అదే ముఖ్యం. మెట్రో విషయం అడిగారు, ఆదివారం పర్పుల్ లైన్ మొదలయ్యేసరికి ఏడవుతుంది, లాంగ్ రన్‌కి పనికిరాదు, మీ వైపు నుంచి వచ్చేవాళ్ళతో కార్ పూల్ చూసుకోండి. రేసు రోజుల్లో అయితే పెద్ద ఈవెంట్లకి ముందే నడుపుతుంటారు.

ఇంతా చెప్పి క్లబ్ మానేయొద్దు అంటున్నానేంటి అనుకోవచ్చు. ఒక్కళ్ళే పరిగెత్తితే మీరు ఇంకా ఘోరంగా చేస్తారు, ఎందుకంటే పరుగులు నమోదు చేసే స్ట్రావా యాప్‌లో మిమ్మల్ని మీరే తరుముకుంటారు. క్లబ్‌లో ఉన్న సుఖాలు తక్కువేం కాదు. చీకట్లో కుక్కలు వెంటపడినప్పుడు నలుగురు ఉండటం, ఎవరిదో కారు డిక్కీలో నీళ్ళ క్యాన్, ఉప్పు చల్లిన నారింజ ముక్కలు, చిక్కీ ఉండటం, మీ కుడి పాదం బయటికి తిరుగుతోందని వెనకనుంచి చూసి చెప్పే కోచ్ ఉండటం, వీటికోసమే కదా నెలకి డబ్బు కడుతున్నాం. మీ క్లబ్‌లో కూడా టైమింగ్ ప్రకారం గ్రూపులుంటాయి, మీరు స్నేహితుల వెంట మీకన్నా రెండు గ్రూపుల పైకి వెళ్ళి నిలబడుతున్నారు, అంతే. కోచ్‌కి ఈ వారమే మెసేజ్ పెట్టండి: 10కె 62:40, హాఫ్ 2:34, నన్ను ఏ గ్రూపులో వేస్తారు అని. ఆయనేం చిన్నచూపు చూడరు, నిజానికి ఆ మెసేజ్ కోసమే ఎదురుచూస్తుంటారు, నలభై మందిలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో ప్రతివారం చూసి సర్దడం ఎవరి వల్లా కాదు.

మా క్లబ్‌లో ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని ఉన్నారు, యాభై ఎప్పుడో దాటేశారు, ఆదివారాలు ఆవిడ ఎనిమిది నిమిషాల పేస్‌కి ఒక్క సెకను కూడా తగ్గరు, వెనక గ్రూపులో అందరితో వంటల గురించి మాట్లాడుతూ పోతుంటారు. కుర్రాళ్ళు ఆవిడని దాటుతూ నమస్తే పెడతారు. కావేరి ట్రైల్ రేసుకి శ్రీరంగపట్నం వెళ్ళినప్పుడు చూడాలి ఆ నమస్తేలు పెట్టినవాళ్ళని. అక్కడ దారంతా కాలువ గట్టు, మట్టి బాట, చదునుగానే ఉంటుంది కాబట్టి అందరూ మొదట్లో రెచ్చిపోతారు. వెనక్కి తిరిగేసరికి ఎండ నెత్తిమీదికి వస్తుంది, చాలాచోట్ల నీడ ఉండదు. తిరుగు దారిలో ఆవిడ అదే ఎనిమిది కన్నా కాస్త వేగంగా ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చేస్తారు, కుర్రాళ్ళు గట్టు పక్కన తొడలు పట్టుకుని నిలబడి ఉంటారు. ఈసారి నమస్తే ఆవిడ పెడతారు.

ఇక చెన్నై. కాలు సహకరిస్తే వెళ్ళండి, కానీ అది బెంగళూరు కాదు. మనం 900 మీటర్ల పైచిలుకు ఎత్తులో పరిగెత్తుతున్నాం కాబట్టి కింద ఎగిరిపోతాం అని ప్రతి క్లబ్‌లోనూ ఒకరైనా అంటారు. ఈ ఎత్తు వల్ల వచ్చేది లెక్కలోకి రాదు, అక్కడి తేమ తీసుకునేది మాత్రం గట్టిగా తెలుస్తుంది. జనవరి తెల్లవారుజామున బెంగళూరు 15, 16 డిగ్రీలుంటే చెన్నై 21, 22 ఉంటుంది, గాలి తడితడిగా ఉంటుంది. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడేది. అక్కడ ఆరదు, కారిపోతుంది, గుండె అదే వేగానికి ఎక్కువ కొట్టుకుంటుంది. వేడికి ఒళ్ళు అలవాటు పడటానికి పది పద్నాలుగు రోజులు కావాలి, మీరు వెళ్ళేది ముందురోజు. అందుకే రేసుకి ముందు రెండు వారాలు వారానికి రెండు మూడు ఈజీ రన్‌లు పొద్దున కాకుండా తొమ్మిది, పది గంటలకి చేయండి, డబ్బు ఖర్చు లేని అలవాటు.

అక్కడ టార్గెట్ 2:18 పెట్టుకోవద్దు. మొదటి 5 కిలోమీటర్లు 6:50, అంతా మిమ్మల్ని దాటేస్తుంటారు, పోనివ్వండి. అక్కణ్ణించి 16 దాకా 6:45. ఆ తర్వాత ఒంట్లో ఉంటే పెంచండి, లేకపోతే అలాగే పట్టుకోండి, 2:22, 2:23లో పూర్తవుతుంది. నడవకుండా 2:23 చేస్తే మీ పాత టైమింగ్‌కి 11 నిమిషాలు తగ్గినట్టు. నీళ్ళు దాహానికి తగ్గట్టు తాగండి, ప్రతి స్టేషన్లోనూ రెండు గ్లాసులు పోసుకోవద్దు, ఉత్త నీళ్ళు అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది డీహైడ్రేషన్ కన్నా ప్రమాదం. ఓఆర్‌ఎస్ పట్టుకెళ్తే లీటరు నీళ్ళలో కలిపే డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా పొడి ప్యాకెట్ తీసుకోండి, డబ్బాల్లో దొరికే తియ్యటి పళ్ళరసం లాంటివి కాదు. పైగా దాన్ని ముందే రెండు మూడు ఆదివారాలు లాంగ్ రన్‌లో తాగి చూసుండాలి. బిబ్ (చొక్కాకి పెట్టుకునే రేసు నంబరు) తీసుకోవడానికి వెళ్ళిన రోజు ఎక్స్‌పోలో మూడు గంటలు నిలబడి, సాయంత్రం మెరీనా అంతా తిరిగి, రాత్రి ఆంధ్రా మెస్ వెతుక్కుంటూ వెళ్ళి గోంగూర, కోడి వేపుడుతో ఫుల్ మీల్స్ లాగించకండి. మనవాళ్ళు చేసేది ప్రతిసారీ ఇదే, పొద్దున 5 కిలోమీటర్ల దగ్గర టాయిలెట్ క్యూలో సగం మంది తెలుగే వినిపిస్తుంది. పప్పన్నం, పెరుగన్నం తిని తొమ్మిదికి పడుకోండి.

కార్బన్ ప్లేట్ షూ అడిగారు కదా, ఇప్పుడొద్దు. గట్టి ప్లేట్, మెత్తటి ఫోమ్ కలిసి పాదం మీద, పిక్క మీద పడే భారాన్ని అటూ ఇటూ మారుస్తాయి, నొప్పి ఉన్న కాలి మీద ఆ ప్రయోగం వద్దు. ఇప్పుడున్నవి 700 కిలోమీటర్లు దాటాయన్నారు, అవి మార్చి మామూలు ట్రైనింగ్ జత కొనండి.

డిసెంబర్ సగం అయ్యేసరికి 16 కిలోమీటర్లు 7:30లో నొప్పి లేకుండా రెండు ఆదివారాలు వరసగా వస్తే హాఫ్‌కే వెళ్ళండి. రాకపోతే చెన్నైలో 10కె కూడా ఉంది, కేటగిరీ మార్చుకోవడానికి గడువు ఎప్పటిదాకా ఉందో ఇప్పుడే చూసి పెట్టుకోండి. మళ్ళీ రాస్తే స్ట్రావా సగటు పేస్ కాదు, ఆదివారం ఒక్కో కిలోమీటరు స్ప్లిట్ (ఆ కిలోమీటరుకి పట్టిన టైమ్) పెట్టండి, చూసి చెప్తాను.